ముసవ్విర్ జంగ్ రాజా దీనదయాళ్

1902 ఏప్రిల్ నెలలో, కాజీపేట–బెజవాడ రైలుమార్గమున నున్న నెక్కొండ దగ్గర తీసిన ఒక ఛాయాచిత్రము లోకప్రసిద్ధమై యున్నది. రాజప్రతినిధి కర్జను ప్రభువును ఆయన సతీమణియు ఉండగా వారి పాదములచెంత చచ్చిన పెద్దపులి పడియుండును. బ్రిటిషు పరిపాలనను గూర్చిన పుస్తకములు ఎన్నింటిలోనో ఆ బొమ్మ అచ్చుపడినది. చూచినవారు ప్రభువును చూతురు, పులిని చూతురు. తీసినవా రెవరని అడుగువారు తక్కువ. అది సికింద్రాబాదున నెలకొన్న దీనదయాళ్ కంపెనీవారి బొమ్మ. ఆ కంపెనీ యజమాని అప్పటికి అరువదవ యేట అడుగిడుటకు దగ్గరపడుచుండెను. ఇందోరు మొదలు హైదరాబాదు వరకు సంస్థానాధీశులెందరో, కలకత్తా సింహాసనమెక్కిన రాజప్రతినిధులు పలువురు, ఆయన కెమేరా యెదుట కూర్చుండి లేచినవారే.

ఆయన తెలుగువాడు కాడు. అయినను ఆయన జీవితములో పండిన యిరువది సంవత్సరములు మన నేలమీదనే గడచినవి. హైదరాబాదు నగరము పందొమ్మిదవ శతాబ్దాంతమున ఎట్లుండెనో నేడు మనము కన్నులార చూడగలుగుచున్నామన్న, అది చాలవరకు ఆ జైనుని అద్దపు పలకల వలననే.

లాలా దీనదయాళ్ 1844లో మీరటునకు సమీపమున నున్న సర్ధానాలో జైన కుటుంబమున జన్మించెను. ఆయన పుట్టునప్పటికి ఛాయాగ్రహణ కళకు అయిదేండ్లే. 1839లో పారిసు నగరమున డాగెరు తన పద్ధతిని వెల్లడించినప్పుడు ఒక్క రాగిరేకుపై ఒక్క బొమ్మయే వచ్చెడిది. దానికి నకలు లేదు. అదే కాలమున ఇంగ్లండులో టాల్బటు కాగితముపై వెలుగునీడలు తారుమారైన బొమ్మను తీసి, దానినుండి కావలసినన్ని ప్రతులు తీయు మార్గమును కనిపెట్టెను. 1851లో ఆర్చరు అను శిల్పి కాగితమునకు బదులు అద్దమును వాడెను. ఈ అద్దమే దీనదయాళ్ భుక్తికిని కీర్తికిని మూలమైనది.

బాల్యమును గూర్చి చెప్పదగినది విశేషముగా లేదు. రూర్కీలోని థామసన్ ఇంజనీరింగు కళాశాలలో చదివి, 1866లో ఇందోరునందలి మరామత్తు శాఖలో అంచనాలు కట్టువాడుగను, పటములు గీయువాడుగను ఉద్యోగమున చేరెను. గోడ యెత్తెంత, కమాను వెడల్పెంత, దూలమునకు అయ్యెడి ఖర్చెంత — ఇవి ఆయన నిత్యము చూచుకొనవలసిన లెక్కలు. తరువాతి కాలమున ఆయన తీసిన కోటల బొమ్మలను చూచునపుడు ఈ యుద్యోగమును మరువరాదు. గోపురము వాలినట్లు కనబడదు. రాతికి రాతికి నడుమనున్న అతుకు తెలియును. కట్టడపు పరిమాణము తెలియుటకై మెట్లమీదనో ద్వారబంధము చెంతనో ఒక మనిషి నిలిచియుండును. చిత్రకారునికంటె ముందు అందులో కొలతల గుమాస్తా కనబడును. ఇది నింద కాదు.

ఆయన యింకను గుమాస్తాగా నున్న కాలమున ఈ దేశమున ఛాయాచిత్రము ఎట్టి పనులకు వినియోగపడుచుండెనో కొంత తెలిసికొనవలెను. 1858లో ఫెలీచె బియాటో అను నతడు లక్నో వెళ్లి, సికందర్ బాగులో అంతకు ముందటి సంవత్సరము చంపబడిన సిపాయీల యెముకలు ప్రాంగణమున చెల్లాచెదరుగా పడియుండగా బొమ్మ తీసెను. పోరు ముగిసి నెలలు గడచిన పిమ్మట, ఆ బొమ్మకొరకే యెముకలను వెలికితీయించి పరపించినారని చరిత్రకారులు చెప్పుచున్నారు. యెముకలు నిజమైనవే, వాటి అమరిక మాత్రము కల్పితము. మరియొక ప్రక్క, ప్రభుత్వము ఈ దేశపు కులములను తెగలను బొమ్మలు తీయించి, 1868 మొదలు 1875 వరకు ఎనిమిది సంపుటములుగా లండనులో ప్రకటించెను. అందులో మనుష్యులు మనుష్యులుగా కాక జాతికొక మచ్చుగా నిలువబెట్టబడిరి.

అదే 1868లో మన తెలుగుదేశమున ఛాయాగ్రహణమునకు మరియొక పరీక్ష జరిగెను. ఆగస్టు 18వ తేదీ సంపూర్ణ సూర్యగ్రహణము. దానిని చూచుటకు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెను గుంటూరునకు వచ్చెను. మేజరు టెన్నెంటు అను ఇంగ్లీషు దొర తన బృందముతో అక్కడనే దిగి, కమ్మిన సూర్యుని అంచున లేచు అగ్నిజ్వాలలను అద్దపు పలకలపై పట్టెను. మన తీరవాసులకు ఆకాశశోధన క్రొత్త కాదు. విశాఖపట్టణమున గోడె వెంకట జగ్గారావు 1840లోనే స్వంత ధనముతో వేధశాల కట్టించెను, ఆయన అనంతరము అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దానిని నడపెను. కాని కంటితో చూచి వ్రాసిపెట్టుట వేరు. చూచిన దానిని పదిమంది మరల చూడగలుగునట్లు అద్దముపై నిలుపుట వేరు. గుంటూరులోను లక్నోలోను పనిచేసినది కెమేరాయే. ఒకచోట కెమేరా సాక్షి. మరియొకచోట నాటకమున పాత్రధారి. దీనదయాళ్ ప్రవేశించిన వృత్తి ఈ రెండింటి నడుమ నుండెను.

1874 ప్రాంతమున ఆయన కెమేరా చేపట్టెను. అప్పటి ఫోటో తీయుట నేటివలె మీట నొక్కుట కాదు. నత్రికామ్లములో నానబెట్టిన దూదిని ఈథరులోను సారాయములోను కరగించి చేసిన కొలోడియన్ అను జిగురును అద్దపు పలకపై పోసి, నాలుగు మూలలకు సమముగా పారునట్లు పలకను చేతిలో వంచుచు, మిగిలినదానిని ఒక మూలనుండి సీసాలోనికి దింపవలెను. పిదప చీకటి గుడారములో దూరి సిల్వరు నైట్రేటు నీటిలో ముంచవలెను. తడి యారకముందే పలకను కెమేరాలో పెట్టి, బొమ్మ పట్టి, మరల గుడారములోనికి పరుగెత్తి కడుగవలెను. ఇదంతయు పది పదునైదు నిమిషములలో ముగియవలసినదే. మధ్యపరగణాల యెండలో ఈథరు ఇట్టే ఆవిరియై పోవును. గాలి వీచిన జిగురుపై దుమ్ము పడును. కోటలున్న కొండమీద నీరుండదు. 12 అంగుళముల పొడవు, 10 అంగుళముల వెడల్పుగల అద్దములను పెట్టెలకెత్తి యెడ్లబండ్లమీద సాగించుచు, బండి గోతిలో పడినప్పుడెల్ల గుండె చిక్కబట్టుకొనవలెను. సిల్వరు నైట్రేటు తగిలిన వ్రేళ్లకు నలుపు వదలదు. ఎండిన పలకలు విపణికి వచ్చి ఈ యవస్థ తగ్గుటకు 1880 ప్రాంతము వరకు ఆగవలసి వచ్చెను.

ఇందోరు ప్రభువు రెండవ తుకోజీరావు హోల్కరు, మధ్యహిందూస్థానమున గవర్నరు జనరలు ప్రతినిధిగా నున్న హెన్రీ డేలీ, వీరిద్దరు దీనదయాళ్‌ను ఆదరించిరి. రాజప్రతినిధి నార్తుబ్రూకు వచ్చినప్పుడును, 1875-76లో వేల్సు యువరాజు ఈ దేశమును పర్యటించినప్పుడును బొమ్మలు తీయు అవకాశము కలిగెను. డేలీ తరువాత వచ్చిన లెపెల్ గ్రిఫిను ఆయనను వెంటబెట్టుకొని బుందేల్ఖండమున తిరిగెను. గ్వాలియరు, ఖజురాహో, సాంచీ మొదలగు చోట్ల తీసిన బొమ్మలు 1886లో మధ్యభారతపు ప్రసిద్ధ కట్టడములు అను అర్థముగల పేరుతో లండనులో పుస్తకముగా వెలువడెను. బాగుచేతకు పూర్వము కట్టడములున్న స్థితిని అడుగువారికి నేటికిని ఆ పుస్తకము తెరువవలసినదే. ఒక గుమాస్తాకు ఇది చాలినంత కీర్తి. 1885లో రాజప్రతినిధి డఫరిను ఆయనను తన ఛాయాగ్రాహకునిగా నియమించెను. ఉద్యోగమునకు స్వస్తి చెప్పి, దీనదయాళ్ దక్షిణమునకు తిరిగెను.

హైదరాబాదున ఆరవ నిజాము మీర్ మహబూబు అలీఖాన్ 1884లో అధికారము చేపట్టెను. అప్పటికి పదునెనిమిదవ యేట నున్నవాడు. వేటయన్నను, వస్త్రములన్నను, విందులన్నను ప్రీతిగల యువకుడు. ఆయన దీనదయాళ్‌ను ఆస్థాన ఛాయాగ్రాహకునిగా చేసికొనెను. దీనదయాళ్ దుకాణము పెట్టినది మాత్రము సికింద్రాబాదులో. ఇది లోకజ్ఞత. అక్కడ ఇంగ్లీషు దండు కలదు. 1874 నుండి రైలు కలదు. స్వదేశమునకు బొమ్మ పంపవలెనను ప్రతి దొరయు, ప్రతి దొరసానియు ఖాతాదారులే. నిజాము సొమ్ము నిజామునకు మనసైనప్పుడు వచ్చును. దండువారి సొమ్ము నెలనెలకు వచ్చును.

ఈ దుకాణము క్రమముగా పెద్ద కార్యాలయమయ్యెను. కుమారులు జ్ఞానచంద్, ధరమ్‌చంద్ పనిలో దిగిరి. పలకలు కడుగువారు, ప్రతులు తీయువారు, ముడుతలను చెరిపి రంగులద్దువారు, చిట్టాలు వ్రాయువారు ఏర్పడిరి. ప్రతి పలకకు ఒక సంఖ్య యుండెను. మరామత్తు శాఖ గుమాస్తాకు అలవాటైన ఈ క్రమమే చరిత్రకారులకు తరువాత దారి చూపినది. 1892లో హైదరాబాదున పరదా స్త్రీలకొరకు ప్రత్యేకముగా ఒక స్టూడియో తెరచిరి. ఎత్తయిన గోడలలోపల, మగవాని నీడ సోకని చోట, కెన్నీ లెవిక్ అను ఇంగ్లీషు స్త్రీ ఆ పని చేసెను. ఆ బొమ్మలు ఇండ్లు దాటి పోవుటకు తీసినవి కావు. నగరములోని ఘనవంశముల స్త్రీలు తమ ముఖమును తాము కాగితముపై చూచుకొనుట అప్పటికి ఎట్టి యనుభవమో ఊహించుకొనవలసినదే. 1893లో చికాగో ప్రదర్శనమున ఆయన చిత్రములకు బహుమానము లభించెను. 1896లో బొంబాయిలో శాఖ వెలసెను. విక్టోరియా రాణికి ఛాయాగ్రాహకుడను హోదాయు చేకూరెను. నిజాము ఆయనకు రాజా బహద్దరు, ముసవ్విర్ జంగ్ అను బిరుదుల నొసగెను. ముసవ్విర్ అనగా చిత్రకారుడు, జంగ్ అనగా యుద్ధము. కత్తి పట్టనివారికి సైతము జంగ్ బిరుదు దొరకు దర్బారులో, కెమేరా పట్టినవానికి దొరకుట వింత కాదు.

ఇక ఆయన తీసిన బొమ్మల సంగతి. చార్మినారు, మక్కా మసీదు, గోలకొండ గోరీలు, చౌమహల్లా, ఫలక్‌నుమా. దర్బారులు, కవాతులు, విందుబల్లలు, వేటలు. ప్రధానులు, జాగీర్దారులు, వారి బిడ్డలు. 1892లో నిజాము రాజ్యదృశ్యములు అను సంపుటము తయారయ్యెను. వాటిని తిరుగవేయుచున్నప్పుడు ఒక విషయము మనస్సును పట్టును. అన్నియు శుభ్రముగా నుండును. బల్లమీద గాజుపాత్రలు వరుసలో నుండును, గుఱ్ఱము కదలదు, సేవకుని తలపాగా చెదరదు. ఈ నిశ్చలత కొంత కెమేరా మందగతి వలన వచ్చినది, కొంత దర్బారు కోరికవలన వచ్చినది. చూపదగినదిగా ప్రభువు తలచినదే చిత్రమున నుండును. తెలంగాణమున వెట్టిచాకిరి యెట్టిదో తెలిసినవారికి, అధికారులు వేటకు దిగినప్పుడు పల్లెవాండ్రు పని విడిచి, కూలి లేక పరుగులెత్తుట తెలియును. ఆ వేటల వైభవమే చిత్రమునకెక్కినది. ఆ పల్లెలను చూడుమని ఆయన నెవరును పంపలేదు. మాట్లాడువారిలో ఎక్కువమంది తెలుగువారైన రాజ్యమున తెలుగు రైతు ఇల్లు ఎట్లుండెనని అడిగినచో, ముసవ్విర్ జంగ్ సంపుటములు దాదాపు మౌనము వహించును.

అట్లని ఆయన కరువును చూడలేదనుటకు వీలులేదు. 1899-1900లో దేశమున పెద్ద భాగమును దహించిన క్షామము నిజాము రాజ్యమును గూడ పట్టెను. ఔరంగాబాదు జిల్లాలో ప్రభుత్వము సాగించిన సహాయ కార్యములను చూపు ఒక సంపుటము దీనదయాళ్ కంపెనీ చేసినది. ఆయన పనిలో ఆలోచింపదగినది ఇదియేనని చెప్పవచ్చును. దాని ఉద్దేశము పేరులోనే యున్నది: ప్రభుత్వపు సత్కార్యములు. మట్టిపని చేయుచున్న జనము, అన్నమునకై వరుసదీరిన జనము, పర్యవేక్షించు అధికారులు. విందుబల్లను అమర్చిన కన్నే కరువు శిబిరమును అమర్చెను. ఆకలిగొన్నవారు వరుసలో నిలిచిరి. ఎందరు వరుసవరకు రాలేకపోయిరో ఆ సంపుటము చెప్పదు. చెప్పుటకు దానిని చేయించలేదు.

ఇక్కడ మరియొక దృష్టాంతమును ప్రక్కన పెట్టి చూడవలెను. 1876-78 నాటి ధాత కరువున బళ్లారి, కర్నూలు, కడప సీమలు గుల్లయైపోయినవి. అప్పుడు మదరాసు సైన్యమున అధికారియైన హూపరు అనువాడు ఎముకలగూళ్లైన స్త్రీపురుషులను, పసిబిడ్డలను గుంపులుగా కూర్చుండబెట్టి బొమ్మలు తీసెను. ఆ బొమ్మలను చూడ కడుపు తరుగుకొనిపోవును. కరువు లేదనుటకు ఎవరికిని నోరు రాదు. కాని ఆ ప్రాణులను పొందికగా కూర్చిన చేయి వారికి గంజి పోసెనా అను ప్రశ్న నాటినుండి నేటివరకు ఆ బొమ్మలను వెన్నాడుచున్నది. ఇదే హూపరు 1886లో మాండలేలో బర్మావారిని కాల్చి చంపు సమయమున, గుండు తగులు క్షణమును పట్టుటకు కెమేరాతో నిలిచి అపకీర్తి పాలయ్యెను. ఆయన చిత్రములు నిజమును దాచలేదు, మనిషిని విడిచిపెట్టినవి. దీనదయాళ్ చిత్రములు మనిషికి మర్యాద నిచ్చినవి, నిజములో సగమును విడిచిపెట్టినవి. హూపరును మెచ్చుకొనుట కష్టము. కాని ధాత కరువునకు సాక్ష్యము కావలెనన్నప్పుడు ఆయన వద్దకే పోవలసివచ్చుట గూడ అంతే కష్టమైన సంగతి.

దీనదయాళ్‌ను ప్రభువుల బొమ్మలవాడని త్రోసివేయువారు లేకపోలేదు. ఆ మాట అన్యాయము కాకపోయినను అసంపూర్ణము. కొలతల గుమాస్తా చేతిలోని కటకమునకు ఒక దోషము కలదు, అది దేనిని వదలదు. ప్రభువును పట్టమన్నప్పుడు ప్రభువు వెనుక గొడుగు పట్టినవానిని గూడ అంతే స్పష్టముగా పట్టును. అంచున నిలిచిన గుఱ్ఱపువాని పాదములకు చెప్పులు లేకుండుట, మేడ మెట్లక్రింద ఒదిగి కూర్చున్న కావలివాడు, వీథిచివర కదలి మసకబారిన బాటసారి — వీరిని తీయుమని ఎవరును చెల్లించలేదు. వీరి పేర్లు చిట్టాలలో లేవు. అయినను పలకమీద ఉన్నారు. వర్ణచిత్రకారుడు తనకు అక్కరలేనివానిని గీయడు. ఛాయాగ్రాహకునికి ఆ స్వేచ్ఛ తక్కువ. రంగులద్దువారు ముడుతలు చెరిపినను, తెరలు మార్చినను, ఇంతమందిని చెరుపుట సాధ్యము కాలేదు, బహుశః ఎవరికిని తోచనుకూడ లేదు.

1903లో ఢిల్లీ దర్బారున వృద్ధుడైన దీనదయాళ్ మరల బండ్లకు కెమేరాల నెక్కించెను. ఏనుగులు, గుడారములు, సంస్థానాధీశుల ఊరేగింపులు. ఆయనకు చిరపరిచితమైన ప్రపంచము. కాని కాలము అప్పటికే మారుచుండెను. చుట్టచుట్టిన ఫిల్ము వేసికొని, ఎవరికి వారే తీసికొను చిన్న కెమేరాలు వచ్చినవి. దొరసానులు స్టూడియోకు వచ్చుట తగ్గుట సహజమే. 1904లో ధరమ్‌చంద్ మరణించెను. కొడుకు పోయిన మరుసటి యేడే, 1905 జూలై 5వ తేదీన, దీనదయాళ్ బొంబాయిలో కన్నుమూసెను. సికింద్రాబాదు వ్యాపారమును జ్ఞానచంద్ నడిపెను. 1911లో మహబూబు అలీఖాన్ మరణముతో ఆ దర్బారు వెలుగును మారిపోయెను.

పలకలు మిగిలినవి. అద్దము పగులును, నానును, పెళుసుబారును. గిడ్డంగిలో చోటు దండుగయను మాట ఏ యింటనైనను వినబడును. దీనదయాళ్ వంశీయులు తరములపాటు వాటిని భద్రపరచిరి. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము 2,857 పలకలను సేకరించెను. 2006లో భారత తపాలాశాఖ ఆయన పేర బిళ్ల వెలువరించెను.

ఈ లోపల హైదరాబాదు తన రూపమును పలుమారులు మార్చుకొనెను. ప్రధానియైన ఆస్మాన్ జాహ్ నివసించిన బషీర్‌బాగ్ సౌధమును కూల్చివేసిరి. నేడు ఆ పేరు పేటకు మాత్రము మిగిలినది. దాని మండపములు, దీపగుచ్ఛములు, తివాసీలు చూడగోరువారికి దీనదయాళ్ చిత్రములు కలవు. ఆ కూలిన మేడ యెత్తును గూడ, మెట్లచెంత ఎవరైన నిలిచియున్నచో, వారి ననుసరించి నేటికిని అంచనా కట్టవచ్చును.